నిప్పూ, ఆర్డరు కాగితం చూశావా?

అమెరికాలోని మసాచుసెట్స్‌ రాష్ట్రంలో నిప్పుకు చదువు రావాలి. అంటుకునే ముందు, ఎదురుగా ఉన్న ఫైర్‌మన్ ఇవాళ ఎవరి జీతం మీద వచ్చాడో, పై అధికారి పంపితే వచ్చాడో తనంతట తానే వచ్చాడో కాగితాలు తిరగేసి చూసుకోవాలి. ఆ తర్వాతే కాల్చాలి. గాయం ఎంత లోతన్నది అక్కడ డాక్టరు చూస్తాడు. దాని ఖరీదు మాత్రం హాజరుపట్టీ చెబుతుంది.

అక్కడి చట్టాల్లో 41వ అధ్యాయం, 111ఎఫ్ సెక్షన్ మహా ఉదారమైనది. ఊరి ఫైర్‌మన్ తన తప్పు లేకుండా డ్యూటీలో గాయపడి పనికి రాలేకపోతే, జీతంలో సెంటు కూడా కొయ్యకుండా సెలవిస్తుంది. పై అధికారి ప్రత్యేక డ్యూటీకి పంపినా అంతే. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. అక్కడితో పుస్తకం మూసెయ్యడం మంచిది.

ఎందుకంటే అదే మనిషి సెలవు రోజున, రాష్ట్రం పెట్టుకున్న పార్ట్‌టైం శిక్షకుడిగా స్టో పట్టణంలోని ఫైర్ అకాడమీకి వెళ్ళాడనుకోండి. కాంక్రీటు గదిలో చెక్క పాలెట్లు, ఎండుగడ్డి పేర్చి మంట పెడతారు. పొగ కమ్మేసి ఎవరి చెయ్యి వాళ్ళకే కనబడదు. నీళ్ళు నిండిన హోస్ లాగలేక మెట్ల మీద జారిన కుర్రాణ్ణి పట్టుకోబోయి మనవాడు మోకాలు విరగ్గొట్టుకుంటాడు. ‘‘మేం పంపలేదే!’’ అంటుంది ఊరు. ‘‘వర్కర్స్ కాంపెన్సేషన్ ఉందిగా!’’ అంటుంది రాష్ట్రం. ఉంది మరి. సగటు వారపు వేతనంలో 60 శాతం. 21 రోజులు మంచాన పడితే తప్ప మొదటి అయిదు రోజులకు అదీ లేదు. ఇంతకీ ఏ వేతనంలో 60 శాతం? అప్పుడప్పుడు చెప్పిన పాఠాల కూలిలోనా, ఏళ్ళ తరబడి ఇల్లు నడిపిన జీతంలోనా? ఈ మీమాంస తేలేలోపు ఇంటి లోను వాయిదా మాత్రం ఏ సెక్షనూ అడక్కుండా వచ్చి కూర్చుంటుంది.

ఏకలవ్యుడి కథలో శిష్యుడు వేలిచ్చాడు. ఇక్కడ గురువే మోకాలిస్తున్నాడు. ద్రోణుడి వేషం అకౌంట్స్ విభాగానిది.

‘శిక్షణ మంటేగా, ఉత్తుత్తిది’ అనే పెద్దమనుషులూ ఉన్నారు. 1982లో కొలరాడోలోని బౌల్డర్‌లో ఆ ఉత్తుత్తి మంటే ఇద్దరు ఫైర్‌మన్లను పొట్టన పెట్టుకుంది. శిక్షణ మంటలకంటూ అమెరికా అగ్నిభద్రతా సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ వారి 1403 ప్రమాణం పుట్టింది ఆ తర్వాతే, 1986లో. ప్రమాణం అమల్లో ఉండగానే 2007లో బాల్టిమోర్‌లో, ఖాళీ ఇంట్లో పెట్టిన శిక్షణ మంటలో ఒక ట్రైనీ చనిపోయింది. ఇంకా డ్యూటీలోకే రాలేదామె.

మసాచుసెట్స్ గొడవ మనకెందుకంటారా? అక్కడి బోస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళకు తక్కువేం లేదు. ఎండుమిరపకాయల పోపు ఘాటుకు అలారం మోగితే గొడ్డలి పట్టుకుని గుమ్మంలోకి వచ్చే కుర్రాడికి, తలుపు ముట్టుకునే ముందు వేడి చూడమని నేర్పినవాడు ఆ మోకాలు విరిగినవాడే కావచ్చు.

చట్టంలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: అకాడమీలో తగిలిన దెబ్బా డ్యూటీలో తగిలిన దెబ్బే. ‘ఖర్చెవరిది?’ అంటారా? ఊరూ రాష్ట్రమూ తీరిగ్గా కూర్చుని తేల్చుకోండి, ఈలోగా మనిషికి పూర్తి జీతం పడుతూ ఉండాలి. ఆ సమావేశమేదో స్టోలోని మంటల గదిలోనే పెట్టండి. రెండు పాలెట్లు, నాలుగు గడ్డి మోపులు. అజెండా మొదటి పేజీ తిప్పేలోపే తీర్మానం ఏకగ్రీవంగా వస్తుంది.