కాపలా లేని కుందేళ్లు

ఇప్పుడు కుందేలు కొనడం ఎంత సులువైపోయిందంటే, దాన్ని ఎక్కడ ఉంచాలన్న ఆలోచన ఇంటికొచ్చాక గానీ రావడం లేదు. పిల్లాడి పుట్టినరోజుకి కేకుతో పాటు ఒక జత, వాటికో ప్లాస్టిక్ ట్రే పంజరం. అందులో అది వెనక కాళ్ల మీద లేచిందంటే చెవులు పైకప్పుకి తగులుతాయి. నాలుగు రోజులు ఫొటోలు. అయిదో రోజు వాసనొస్తోందని పెరట్లోకి. ఆ మర్నాడు పొద్దున్న చూస్తే పంజరం బోర్లా, చుట్టూ తెల్ల బొచ్చు. "వీధి కుక్కలు బాబాయ్ గారూ, మున్సిపాలిటీ వాళ్లు నిద్రపోతున్నారు" అని నా దగ్గర వాపోతారు. మున్సిపాలిటీని తిట్టడంలో నేనెవరికీ తీసిపోను. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల పక్షమే.

మా రోజుల్లో రాజమండ్రి పెంకుటిళ్ల పెరళ్లలోనూ కుందేళ్లుండేవి. వాటి కోసం ఎవరూ ప్లాన్ గీయలేదు. చుట్టూ మట్టిగోడ, వెదురు తడికె తలుపు, ఓ మూల పాత ఇటుకలతో గూడు, పైన తాటాకు. అంతే. అయినా బతికేవి, ఎందుకంటే ఇంటి నిండా మనుషులు. మా నానమ్మ వెనక వసారాలో నులక మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుండేది, పక్కన చేతికర్ర. గద్ద నీడ నేల మీద జారితే చాలు, తలెత్తకుండానే "హుష్" అనేది. బావి దగ్గర గిన్నెలు తోమే మనిషి ఒక కన్నేసి ఉంచేది. దీపాలవేళకి అన్నిట్నీ గూట్లోకి తోలి, తలుపు చెక్కకి రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టేవాళ్లు. అలాగని అప్పుడు చావలేదనను. చస్తే దిష్టి తగిలిందనేవారు, ముంగిస పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఇప్పుడో? పొద్దున్న తొమ్మిదికి ఇంటికి తాళం, రాత్రి ఎనిమిదికి తీయడం. కుందేలు చురుగ్గా తిరిగేది మాత్రం తెల్లవారుజామున, మునిమాపున. కుక్కలూ పిల్లులూ షికారుకి బయల్దేరేదీ అప్పుడే. నానమ్మ కర్ర చేసిన పని ఇనప తీగ చేయాలి. ఆ తీగ దగ్గరే మన వాళ్ల పీనాసితనం బయటపడుతుంది.

హార్డ్‌వేర్ షాపుకెళ్లి "కుందేళ్లకి జాలీ ఇవ్వవయ్యా" అంటే కుర్రాడు చికెన్ మెష్ చుట్ట దొర్లిస్తాడు. చవక, తేలిక, కత్తెరకి తెగుతుంది. కత్తెరకి తెగేది కుక్క పంటికి లొంగదా? ఆ ఆరు మూలల కన్నాన్ని రెండు బొటనవేళ్లతో పట్టి లాగి చూడండి, అల్లిన తీగ మెలిక సాగి మీ కళ్లముందే వెడల్పవుతుంది. కోడి గడప దాటకుండా ఉండేందుకు అది చాలు. కుక్కని ఆపాలంటే వెల్డ్ మెష్ అడగండి, కన్నం అర అంగుళానికి మించకుండా. అంగుళం కన్నంలోంచి ఎలకలు, పాము పిల్లలు హాయిగా వచ్చిపోతాయి. మెష్‌ని చట్రానికి లోపలివైపు బిగిస్తే కుందేలు చెక్క కొరకదు. దాని పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరక్క మానదు. బిగించేది స్టేపుల్ పిన్నులతో కాదు, వాషర్ వేసి స్క్రూలతో.

తరవాత నేల. కుందేలు తవ్వుతుంది, పందికొక్కు ఎదురు తవ్వుతుంది. 1859లో ఆస్ట్రేలియాలో ఓ దొర వేట సరదాకి ఇంగ్లండు నుంచి 24 కుందేళ్లు తెప్పించి వదిలాడు. వాటి సంతతి పడమటికి రాకుండా 1907 నాటికి 1,800 కిలోమీటర్ల పైచిలుకు కంచె కట్టారు. కంచె పూర్తయ్యేలోపే అవి అవతల కాపురం పెట్టేశాయి. అంతటి జీవికి మనం నాలుగు ఇటుకలు అడ్డం పెట్టి నిద్రపోతాం! గూడు చుట్టూ అడుగున్నర వెడల్పు మెష్‌ని బయటివైపుకి పరిచి, మట్టి కప్పి, గూటి అడుగుకి కలిపి కట్టాలి. లేదంటే అడుగున కడప బండలు పరిచి పైన మందంగా ఎండుగడ్డి వేయాలి. అడుక్కి ఒట్టి తీగ జాలీ వేస్తే మాత్రం పాదాలు పుళ్లు పడతాయి. పెంట కింద పడిపోతుందని మనకి సుఖం, నరకం దానికి.

పైకప్పుకీ జాలీ ఉండాల్సిందే. గద్ద ఉంది, పిల్లి ఉంది, అన్నిటికన్నా కోతి ఉంది. మా వీధి కోతులకి గొళ్లెం తీయడం నా మనవడి కన్నా ముందొచ్చింది. గొళ్లేనికి చిన్న తాళం వేయండి. తలుపు తీయగానే కుందేలు కాళ్ల సందులోంచి దూసుకుపోతుంది కాబట్టి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులుంటే మేలు.

ఎంత చోటివ్వాలంటే, బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసే సంస్థ రెండింటికి కనీసం 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉండాలంటుంది. ఆ కొలత విని మా మనవడు "తాతయ్యా, హైదరాబాద్ హాస్టల్లో నా గది కూడా అంతే" అన్నాడు. వాడికి ఎత్తు కాస్త ఎక్కువిచ్చారులెండి.

ఇక అసలు శత్రువు ఎండ. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మనకేమో మే నెలలో 40 దాటుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రేకు కప్పు కింద పెట్టి "పాపం, ఉన్నట్టుండి పోయింది" అంటే ఏమనాలి? గూడు చెట్టు కింద, పడమటెండ తగలని వైపు కట్టండి. పైన తాటాకు, పక్కన కడియం నర్సరీల్లో కట్టే పచ్చ షేడ్ నెట్. ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. వడగాలి రోజుల్లో ఇంట్లోకి తెచ్చేయండి. వానాకాలంలో గూడు తడిస్తే ఇంకో గొడవ, తడిసి మురికైన బొచ్చులో ఈగలు గుడ్లు పెడతాయి, పురుగులు బతికుండగానే తొలిచేస్తాయి.

తిండి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. మేం కాలవ గట్టు మీద గరిక కోసుకొచ్చేవాళ్లం. ఇప్పుడు గట్టంతా కలుపు మందు. అందుకని గోదావరి జిల్లాలో గడ్డి పార్సిల్లో తెప్పించుకుంటున్నారు! తెప్పించుకుంటే తెప్పించుకున్నారు, సినిమాల్లో చూసి క్యారెట్లు మేపకుండా ఉంటే అదే పదివేలు. పెరట్లో గన్నేరు ఉంటే గూటికి అందనంత దూరంగా ఉంచండి, అది విషం.

ఇదంతా విని మొన్న ఒకాయన "కుందేలు కన్నా గూటికే ఎక్కువయ్యేట్టుందే" అన్నాడు. అవుతుంది మరి. అంత పెట్టలేకపోతే తప్పేం లేదు, కుందేలు తేకండి. పెట్టగలిగితే గూడు పూర్తయ్యాక, తాళం పడ్డాక జతని తెచ్చుకోండి. ఒంటరిగా అది బెంగపెట్టుకుంటుంది. జత అన్నాను కదా అని ఆడా మగా తెచ్చి ఊరుకునేరు, అవి నెల రోజులకే ఈనతాయి. ముందు పశువుల డాక్టరు చేత మగదానికి ఆపరేషన్ చేయించండి.