సోషలిజం సాక్షిగా లిబర్టేరియన్

పార్టీలకు పేర్లు పెట్టడంలో ప్రపంచం మనకంటే నయమేమీ కాదు. ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ అంటే అక్కడి సంప్రదాయవాదుల పార్టీ. 1955లో పుట్టి, అప్పట్నుంచీ ఎక్కువకాలం జపాన్‌ను ఏలిన లిబరల్ డెమోక్రాట్లదీ అదే బాపతు. ఇక మనవాళ్లను ఏ గాటన కట్టాలి?

రాజాజీనే తీసుకోండి. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేస్తే, పొలం గట్లు చెరిపేస్తారన్న గుబులుతో స్వతంత్ర పార్టీ పుట్టింది. పెట్టింది రాజాజీ, అధ్యక్షుడు మన నిడుబ్రోలు రంగాగారు. పర్మిట్లొద్దు, లైసెన్సులొద్దు, వ్యాపారిని వాడి మానాన వదిలేయండి అన్నారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచారు. ఇంతకంటే నికార్సయిన లిబర్టేరియన్ సరుకు ఈ దేశంలో దొరకదు. కాకపోతే సీసా దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినప్పుడు ఇదే రాజాజీ 1937లో సేలం జిల్లాలో మద్యం బంద్ చేయించారు. ఖజానాకు పడ్డ చిల్లు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. తాగేవాడికి స్వేచ్ఛ పోయింది, తాగనివాడికి పన్ను పడింది. పార్టీలో చేరిన రాజులూ జమీందార్లూ స్వేచ్ఛ కోసం వచ్చారో, పోయిన భూముల కోసం వచ్చారో వాళ్లకే తెలియాలి. రంగాగారు ఆనక కాంగ్రెస్‌కే తిరిగొచ్చి 1980, 84, 89ల్లో గుంటూరు నుంచి గెలిచారు. ఆయన్నేమీ అనను. గుంటూరులో బతకాల్సినవాణ్ని.

ఆ సీసా పంచాయతీ ఇప్పటికీ తెగలేదు. ఎన్టీఆర్ మూసిన దుకాణం 1997లో తెరుచుకుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారే గల్లాపెట్టె ముందు కూర్చుంది. 2024లో మళ్లీ ప్రైవేటు. 3,396 దుకాణాలకు 89 వేలకు పైగా దరఖాస్తులు. ఒక్కోదానికి తిరిగిరాని రుసుము 2 లక్షలు. దుకాణం ఎవరికన్నది తేల్చింది లాటరీ. ఆడమ్ స్మిత్ చెప్పిన కనిపించని చెయ్యి మన దగ్గర అందరికీ కనిపించేలా చీటీలు తీసింది.

ఇవేవీ పట్టని మా డాలస్ అన్నయ్య మొన్న పెళ్లి భోజనాల్లో నన్నూ పెదనాన్ననూ చెరోపక్క కూర్చోబెట్టుకుని ఉపదేశం మొదలెట్టాడు. ‘‘ప్రభుత్వమంటే పోలీసు, కోర్టు, సైన్యం. మిగతాదంతా దోపిడీ’’ అన్నాడు, ఉలవచారులో మీగడ కలుపుకుంటూ.

‘‘ఒరేయ్, మరి మన మెరక చేను బోరుకి కరెంటు బిల్లు కట్టేద్దామా? 2004 నుంచీ ఉచితమేగా’’ అన్నాడు పెదనాన్న.

‘‘అది రైతు హక్కు నాన్నా.’’

‘‘పిల్లలిద్దరికీ అక్కడ బడి ఫీజెంత?’’

‘‘పబ్లిక్ స్కూలు, ఫీజుండదు. ఆ స్కూలు చూసుకునేగా అక్కడ ఇల్లు కొన్నది!’’

‘‘మన బుజ్జిగాడూ అక్కడికే వస్తానంటున్నాడు.’’

అన్నయ్య పెరుగు వడ్డించేవాణ్ని ఆపి మరీ జవాబిచ్చాడు. ‘‘ఇక చాల్లే నాన్నా. వచ్చేవాళ్లను కాస్త తగ్గించాలి. నేను వెళ్లిన రోజులు వేరు.’’

విస్తరి మడిచేలోగా మూడు పార్టీలు మారాడు. మన ఎమ్మెల్యేలకైనా ఇంతకంటే టైము పడుతుంది. పెదనాన్న మాత్రం తక్కువ తిన్నాడా? ఉచిత పథకాలు దేశాన్ని సోమరిని చేస్తున్నాయని రోజూ అరుగు మీద తిట్టిపోసేది ఆయనే. తన పింఛను మాత్రం ఉచితం కాదట, మర్యాదట.

కిళ్లీ వేసుకున్నాక అన్నయ్యకు ఆవేశం వచ్చింది. ఉద్యోగం వదిలి ఇక్కడే లిబర్టేరియన్ పార్టీ పెడతానన్నాడు. గ్రీన్‌కార్డే కాబట్టి పాస్‌పోర్టు ఇంకా మనదే. పెదనాన్న రిటైర్డ్ ఎలక్షన్ డిప్యూటీ తాసిల్దారు. చట్టం నోటికొచ్చు.

‘‘పెట్టరా నాయనా. కనీసం వందమంది ఓటర్లను సభ్యులుగా చూపించు, ఎలక్షన్ కమిషన్‌కు పదివేలు కట్టు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఏ సెక్షన్ కింద, 1989 నుంచీ, ఇంకొకటుంది. మా పార్టీ సోషలిజానికి విధేయంగా ఉంటుందని నీ నిబంధనావళిలో రాసివ్వాలి. రాయకపోతే రిజిస్ట్రేషన్ లేదు.’’

అన్నయ్య కాసేపు ఆలోచించాడు.

‘‘అది రాసిస్తాలే నాన్నా’’ అన్నాడు. ‘‘ఆ పదివేలల్లో కొత్తవాళ్లకు సబ్సిడీ ఏమన్నా ఉంటుందా?’’