అడిగితే కాదనని నగరమా

న్యూయార్క్ నగరమా, నిన్ను మనసారా పొగుడుతున్నాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం లేదు.

అడిగినవాడికి నువ్వు లేదనవు. నీ పౌర సేవల నంబరు 311కి ఫోను చేసి తన భాష పేరు చెప్పుకుంటే చాలు, 175కు పైగా భాషల్లో ఏదైనా సరే, దుబాసీని లైనులోకి తెస్తావు. 2017లో 30వ స్థానిక చట్టం తెచ్చి, జనం ఎక్కువగా వాడే కాగితాలు పది భాషల్లో ఉండాలన్నావు. స్పానిష్, చైనీస్ పక్కనే బెంగాలీకీ ఉర్దూకీ పీట వేశావు. మన తెలుగు ఆ పదింటిలో లేదు. దానికి నాకేం బాధ లేదు, తలలు లెక్కపెట్టి వేసిన పీటలవి. తెలుగుగడ్డ మీదే ఇంగ్లీషు నోటీసు పట్టుకుని, చదివిపెట్టేవాళ్ళ కోసం వీధంతా వెతికినవాళ్ళం. నీ చట్టం విలువ మాకు తెలుసు.

2023లో నీ అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్ తనకు రాని మాండరిన్‌లో, యిడ్డిష్‌లో జనానికి ఫోన్లు చేశాడు. కృత్రిమ మేధతో ఆయన గొంతునే ఆ భాషల్లో పలికించారు. ఉద్యోగ మేళాలకు రమ్మని పిలుపు. అంటే, ఎవరూ అడగకపోయినా ఇంటికే వెళ్ళి వాళ్ళ భాషలో చెప్పడం నీకు చేతనవును. నీ గొప్పా అదే, నా కడుపుమంటా అదే.

ఆ మంట ఎందుకో విను. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వాన. సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు. నీవాళ్ళు 13 మంది పోయారు. వాళ్ళలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్ళలో, ఎక్కువగా క్వీన్స్‌లో, ఎక్కువగా వలస వచ్చినవాళ్ళు. ఫోన్లలో మోగిన వరద హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. అది పంపింది జాతీయ వాతావరణ సంస్థ, నువ్వు కాదు. నీ సొంత హెచ్చరికలు ఇంకా చాలా భాషల్లో వస్తాయి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి. పేరు నమోదు చేసుకోవాలన్న సంగతి ఆ రాత్రి మునిగిన నేపాలీ ఇంటికి, చైనీస్ ఇంటికి ఎవరు వెళ్ళి చెప్పారు?

తర్వాత ఊరుకోలేదు నువ్వు. 2024 ఆగస్టులో ముంపు వీధుల మీదికి డ్రోన్లు పంపి, నీళ్ళొస్తే బేస్‌మెంట్లు వదిలి రావడానికి సిద్ధంగా ఉండమని పైనుంచి చెప్పించావు. స్పానిష్‌లోనూ చెప్పించావు. అది స్పానిష్ మాట్లాడేవాళ్ళకే సరిగ్గా అర్థం కాలేదు, యంత్రం చేత పలికించావు గనక. ఆ భాషను తల్లి ఒళ్ళో నేర్చినవాళ్ళు నీలో లక్షలమంది. వాళ్ళలో ఒక్కరిని పిలిచి, "ఒకసారి విను తల్లీ, సరిగ్గా ఉందా?" అని అడగాల్సింది.