వైట్ ప్లేటు బావమరిది

హైదరాబాదులో లేచిన విమానం ఆంధ్రాలో ఒక చిన్న విమానాశ్రయంలో వాలడానికి యాభై అయిదు నిమిషాలు పట్టింది. ఆ విమానాశ్రయం గేటు దాటడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టింది. అది ఏ ఊరో చెప్పను. చెబితే ఒక్క ఊరివాళ్ళకే కోపం వస్తుంది. చెప్పకపోతే ప్రతి ఊరివాళ్ళూ ‘ఇది మాదే’ అని గుర్తుపడతారు. కాలమ్ రాసేవాడికి రెండోదే లాభం.

మన విమానాశ్రయాలకు ఒక ఆచారం ఉంది. పేరు ఒక ఊరిది, కాపురం ఇంకో ఊళ్ళో. విజయవాడది గన్నవరంలో, తిరుపతిది రేణిగుంటలో, రాజమండ్రిది మధురపూడిలో, కర్నూలుది ఓర్వకల్లులో. హైదరాబాదుది ఒకప్పుడు ఊరి మధ్యనే, బేగంపేటలో ఉండేది. ఆచారం తప్పుతోందనుకున్నారో ఏమో, 2008లో శంషాబాదుకు పంపేశారు. రన్‌వేకి కిలోమీటర్ల కొద్దీ చదును నేల కావాలి, దగ్గర్లో ఎత్తయిన మేడలుండకూడదు కాబట్టి ఊరవతల కట్టడంలో తప్పులేదు. దిగిన మనిషి ఊళ్ళోకి ఎలా చేరతాడన్న చిన్న విషయాన్ని మాత్రం అతని చుట్టాలకు వదిలేశారు.

పైన గాలిలో ఇలా లేదు. అక్కడ పథకం ఉంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపి ‘ఉడాన్’ విమానాలు ప్రారంభించారు. మన కడప–హైదరాబాద్ విమానం కూడా ఆ రోజే ఆ పథకంలో చేరింది. హవాయి చెప్పులు వేసుకునేవాడు కూడా విమానం ఎక్కాలన్నది ఆశయం. ఆ పథకం కింద నడిచే విమానాల్లో గంట ప్రయాణానికి 2500 రూపాయలని, దాదాపు సగం సీట్లకు హద్దు గీశారు. చెప్పుల గురించి ఆలోచించినవాళ్ళు, విమానం దిగాక ఆ చెప్పులతో ఎంత దూరం నడవాలో కూడా ఆలోచించి ఉంటే ఈ కాలమ్ రాసే అవసరం ఉండేది కాదు.

నేను వెళ్ళవలసింది ఎనభై కిలోమీటర్ల అవతల, మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి. కారు పంపిస్తామనే అన్నారు. పెళ్ళివారి కారు సంగతి మీకు తెలియనిదేముంది? ఫోన్ చేస్తే ‘బయల్దేరిపోయింది’ అంటారు. ఎవరి కోసం బయల్దేరిందో చెప్పరు. పూలకు వెళ్ళి, ఐసుగడ్డలకు వెళ్ళి, అలిగి కూర్చున్న పిన్నిగారి కోసం వెళ్ళి, చివరికి మనం ఆటోలో దిగే సమయానికి అది కూడా వచ్చి మన పక్కన ఆగుతుంది.

గేటు దాకా సూట్‌కేసు లాక్కుంటూ నడిస్తే మెయిన్ రోడ్డు వస్తుంది. దాని మీద పల్లెవెలుగు బస్సు పోతుంది. కానీ విమానం దిగినవాడు పల్లెవెలుగు ఎక్కడు. ఇది చట్టం కాదు. చట్టానికి బెయిలైనా దొరుకుతుంది, ఇది పరువు.

యాప్ తెరిచాను. చాలాసేపు గుండ్రంగా తిరిగి, పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక కారును పట్టుకుంది. డ్రైవరు ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడిగాడు. ఎక్కడికి? క్యాషా, ఆన్‌లైనా? లోపలున్నారా, గేటు బయటున్నారా? మొదటి రెండూ సరిగ్గానే చెప్పినట్టున్నాను. మూడోదానికి ‘లోపల’ అన్నాను. “లోపలికి మమ్మల్ని రానివ్వరండి. మీరే క్యాన్సిల్ కొట్టేయండి” అన్నాడు. వాడు కొడితే వాడికి జరిమానా పడుతుందట. నా వేలికి ఏ జరిమానా లేదు కాబట్టి నేనే కొట్టాను.

ఇక మిగిలింది చెట్టుకింద వరసగా నిలబడ్డ ఎల్లో ప్లేటు కార్లు. వాటికి సీరియల్ ఉంటుంది. ఆ పూట సీరియల్లో ముందున్నాయన నా బూట్ల నుంచి మొదలుపెట్టి కళ్ళజోడు దాకా చూసి, “మూడువేల తొమ్మిదొందలండి, టోల్ మీదే” అన్నాడు. నా విమానం టికెట్టు 3600.

“ఎనభై కిలోమీటర్లే కదయ్యా?”

“మీకు ఎనభై అండి. నాకు నూట అరవై. వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి కదా.”

“సరే, నూట అరవైకే లెక్క కట్టు.”

“మినిమం రెండొందల యాభై కిలోమీటర్లండి. కిలోమీటరుకి పద్నాలుగు.”

“మరి మిగతా తొంభై కిలోమీటర్లు ఎక్కడ తిప్పుతావు?”

“తిప్పమంటే తిప్పుతానండి. దార్లో ఏదైనా గుడికి వెళ్తారా?”

“మూడువేల అయిదొందలయింది. పైన నాలుగొందలేమిటి?”

“డ్రైవరు బత్తా అండి.”

“కారు నీదే, నడిపేదీ నువ్వే కదా?”

“ఓనరుగా కిరాయండి. డ్రైవరుగా బత్తా.”

ఆయన్ని తిట్టుకోవడానికి సిద్ధమయ్యాను గానీ, ఆయన లెక్క విన్నాక నోరు రాలేదు. రోజుకు దిగేవి రెండు విమానాలు. చెట్టుకింద కార్లు ఇరవై. విమానం దిగినవాళ్ళలో సగం మందికి సొంత కార్లు వస్తాయి. సీరియల్ వచ్చేసరికి ఒక్కోసారి రెండు రోజులు. బ్యాంకువాళ్ళ వాయిదాకు మాత్రం సీరియల్ లేదు, ప్రతి నెలా ముందే నిలబడి ఉంటుంది. ఎల్లో ప్లేటు వేసుకున్న పాపానికి పన్ను వేరు, పర్మిట్ వేరు, ఇన్సూరెన్స్ ఎక్కువ. సొంత కారుకు ఒకసారి రిజిస్ట్రేషన్ చేయిస్తే పదిహేనేళ్ళు అడిగే నాథుడు లేడు. టాక్సీకి ఎనిమిదేళ్ళ వయసొచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. మనిషైనా యాభై దాటాకే ఏటా పరీక్షలు చేయించుకుంటాడు.

“చూడండి సార్” అన్నాడు చివర్లో, “రెండు రోజుల తర్వాత మీరు దొరికారు. మీ ఒక్కరి దగ్గరే రెండు రోజులూ తీసుకోవాలి కదా!” దీన్ని దోపిడీ అనాలో, అర్థశాస్త్రం అనాలో తేల్చుకోలేక టీకొట్టు వైపు నడిచాను.

అక్కడ కలిశాడు నా బావమరిది.

ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. కాళ్ళకు హవాయి చెప్పులు. టీ తాగుతూనే, నా వైపు చూడకుండా, “రెండువేల అయిదొందలు. టోల్ నాదే” అన్నాడు. కారు గేటు బయట వేపచెట్టు చాటున ఉంది. తెల్లటి ప్లేటు. అంటే ఆర్టీఏ లెక్క ప్రకారం ఆ కారు ఇంట్లోవాళ్ళు తిరగడానికే గాని కిరాయికి పనికిరాదు.

“ముందు సీట్లో కూర్చోండి సార్. వెనక కూర్చుంటే కస్టమరంటారు. ఎవరైనా ఆపితే నేను మీ బావమరిదిని.”

“తమ్ముడివని చెప్తే పోదా?”

“తమ్ముడంటే ఇంటిపేరు కలవాలి కదండీ! లైసెన్సు చూడగానే దొరికిపోతాం. బావమరిదికైతే ఇంటిపేరు ఎలాగూ వేరే ఉంటుంది.”

ఎన్ని ట్రిప్పుల అనుభవం ఉంటే ఈ జ్ఞానం కలుగుతుంది! మన చుట్టరికాల వ్యవస్థలో ఇంత సౌకర్యం ఉందని సంబంధాలు కుదిర్చే పేరయ్యకు కూడా తట్టి ఉండదు. ముందు సీట్లో కూర్చున్నాను.

దారిలో మంచీచెడూ మాట్లాడుకున్నాం. టాక్సీ ప్లేటు ఎందుకు వేయించలేదంటే, వేయిస్తే చెట్టుకింద సీరియల్లో ఇరవై ఒకటో కారవుతాడట. పోనీ డ్రైవరు లేకుండా కారు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టుకోవచ్చు కదా, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి, దర్జాగా ఉంటుంది అన్నాను.

“అడిగానండి. లైసెన్సుకి యాభై కార్లుండాలన్నారు.”

నిజమే. 1989లో కేంద్రం చేసిన ‘రెంట్ ఎ క్యాబ్’ పథకం అదే చెబుతోంది. అయిదు పదుల కార్లు లేనివాడు అప్లికేషన్ పెట్టుకునే అవసరం లేదు. యాభై కార్లుంటే సంస్థ. ఒక్క కారే ఉంటే బావమరిది.

సగం దూరం వెళ్ళామో లేదో, మలుపులో జీపు కనిపించింది. “బ్రేక్ ఇన్‌స్పెక్టరండీ” అంటూ నా బావమరిది సీటు బెల్టు లాక్కున్నాడు. “బావగారూ, కాస్త నవ్వుతూ ఉండండి.” అంతవరకు సార్‌ని, ఆ క్షణంలో బావగారినయ్యాను.

ఇన్‌స్పెక్టరు కాగితాలు చూశాడు. నన్ను చూశాడు. సూట్‌కేసుకు ఇంకా వేలాడుతున్న విమానం ట్యాగు చూశాడు.

“ఈయన మీకేమవుతాడు?”

“మా బావమరిదండి.”

“పేరు?”

నా గొంతులో తడారిపోయింది. కిరాయి అడిగాను, టోల్ అడిగాను, ఏసీ అడిగాను. పేరు అడగలేదు. “ఇంట్లో చిన్నోడంటారండి” అని వాడే అందుకున్నాడు.

“అలాగా! మరి మీ ఆవిడ పుట్టింటి ఇంటిపేరేమిటండీ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, లైసెన్సు తన వైపు తిప్పుకుని. ఇంటిపేరు వేరే ఉండాలని మాత్రమే మేం అనుకున్నాం. ఏ ఇంటిపేరో అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. మా ఆవిడ. రెండు రోజుల ముందే పెళ్ళింటికి వెళ్ళి, గంటకోసారి ఎక్కడున్నానో కనుక్కుంటోంది. “స్పీకర్లో పెట్టండి, పలకరిద్దాం” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మీ తమ్ముడి కారులో వస్తున్నా. దార్లో ఇన్‌స్పెక్టరుగారు ఆపారు, ఇక్కడే ఉన్నారు” అన్నాను.

మా ఆవిడకు ముగ్గురు అక్కలు. తమ్ముడు లేడు. ఫోన్లో సన్నాయి ఒక్కటే వినపడుతోంది. తర్వాత మా ఆవిడ గొంతు వచ్చింది: “బెల్టు పెట్టుకోమని వాడికి ఎన్నిసార్లు చెప్పాలండీ? ఫోన్ వాడికివ్వండి!”

ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆవిడ పట్టుకుంది. ఒక్కటైనా మోయగలదని ఆ రోజే తెలిసింది.

ఇన్‌స్పెక్టరు లైసెన్సు తిరిగిచ్చేశాడు. “నాకూ ఇద్దరు బావమరుదులున్నారండి. పదిహేనేళ్ళలో ఒక్కడూ బస్టాండుకైనా ఎదురు రాలేదు. మీరు అదృష్టవంతులు” అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ కారు కిటికీ దగ్గరకు వంగాడు. “చిన్నోడా, దిగేటప్పుడు బావగారి దగ్గర డబ్బులు తీసుకోకు. చుట్టరికం చెడుతుంది.”

జీపు కనుమరుగయ్యేదాకా ఇద్దరం నవ్వలేదు. తర్వాత నవ్వుకున్నాం. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ఇన్‌స్పెక్టరు వదిలేశాడు గాని, దారిలో ఏ లారీవాడో కొడితే అడగడానికి వచ్చే రెండో మనిషి వదలడు. సొంత వాడకానికి చేయించిన ఇన్సూరెన్సు కిరాయి ప్రయాణానికి వర్తించదు. ఆ కంపెనీవాడు కూడా ‘ఈయన మీకేమవుతాడు’ అనే అడుగుతాడు. అతనికి స్పీకర్లో సన్నాయి వినిపించి ప్రయోజనం లేదు. పద్నాలుగు వందలు మిగిల్చుకున్నానని సంబరపడ్డాను. పందెంలో పెట్టింది ఎంతో లెక్క కట్టుకోలేదు.

పెళ్ళింటి ముందు దిగగానే మా ఆవిడ ఎదురొచ్చి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, “భోంచేసి వెళ్ళు” అంది. వాడు మా వరసలోనే కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు ‘ఎవరి తాలూకు’ అనడిగితే ‘బావగారి తాలూకు’ అని చెప్పి, బూరెలు రెండోసారి వేయించుకున్నాడు. తాంబూలం సంచీ పుచ్చుకున్నాడు. నా దగ్గర రెండువేల అయిదొందలూ పుచ్చుకున్నాడు. ఫోన్ నంబరిచ్చి, “తిరుగు ప్రయాణానికి నాకే చెప్పండి బావగారూ” అని వెళ్ళాడు. పంపిస్తామన్న పెళ్ళివారి కారు అప్పుడే వచ్చి పక్కన ఆగింది.

మూడో రోజు వాడికే చెప్పాను. కాస్త తగ్గించమంటే నొచ్చుకున్నాడు. “అయినవాళ్ళం కదండీ, మనలో మనకి బేరాలేమిటి!” అన్నాడు. చుట్టరికం చుట్టరికమే, కిరాయి కిరాయే. దారిలో ఎవరూ ఆపలేదు. ఈసారి పేరు, ఇంటిపేరు, ఊరు, వాళ్ళావిడ పేరు అన్నీ కంఠతా పట్టి వెళ్ళాను. చదువుకున్న ప్రశ్న పరీక్షలో రాదు.

విమానాశ్రయం గేటు బయట, అదే వేపచెట్టు కింద ఆపాడు. లోపల విమానం వాలుతోంది. వాడు చెప్పుకాలు బ్రేకు మీదే ఉంచి, తల బయటపెట్టి, అది నేలను తాకేదాకా చూశాడు.

“ఎప్పుడైనా ఎక్కావా?”

“లేదండి. నాలుగేళ్ళ నుంచి దింపుతున్నాను, ఎక్కించుకుంటున్నాను. నేనెక్కలేదు.”

“ఒకసారి ఎక్కు. ముందుగా చూసుకుంటే టికెట్టు తక్కువకే దొరుకుతుంది. హైదరాబాదు గంటలో దిగుతావు.”

“చూశానండి. టికెట్టు ఫర్వాలేదు, పెట్టుకోగలను” అన్నాడు. కాసేపు లెక్క వేసుకున్నాడు. “దిగాక అక్కణ్నుంచి ఊళ్ళోకి కారుకి ఎంతడుగుతారో అని భయం. అక్కడ మనకి బావలెవరూ లేరు కదండీ.”