నల్లా సీను: సటీకా తాత్పర్యము

అవతారిక: ముంబై కామాఠీపురలోని ఒకానొక చాళ్‌లో, కాలేజీ పోటీ కోసం పిల్లలు తొమ్మిది నిమిషాల హాస్యచిత్రం తీశారు. ఎడిటింగు చేస్తున్న అన్నకు దర్శకురాలు అర్ధరాత్రి పంపిన వాయిస్ మెసేజి ఒకటుంది. పండితులెవరూ ఇంతవరకు దాన్ని పట్టించుకోకపోవడంతో ఈ వ్యాఖ్యకు పూనుకోవలసి వచ్చింది.

కథాసందర్భము: తెల్లవారుజామున నల్లా ముందు బకెట్ల వరుస. లొకేషన్ వెతుక్కుంటూ వచ్చిన సినిమా కంపెనీ మనిషి, వరుసలో ఉన్న అవ్వను "అసలైన కామాఠీపుర ఎక్కడ?" అని హిందీలో అడుగుతాడు. అవ్వ అతణ్ణి కిందికీ మీదికీ చూసి, బిందె అతని చేతిలో పెట్టి, "నీళ్లచ్చినంక చెప్త, గీడ నిలవడు" అంటుంది. ఇది వట్టి పొగరు కాదు. 2022లో వచ్చిన ‘గంగూబాయి కాఠియావాడి’ సినిమా కోసం కామాఠీపురను గోరేగావ్ ఫిల్మ్‌సిటీలో సెట్టు వేసి కట్టారు. తెలంగాణ నుంచి వచ్చి ఈ నగరానికి రాయీ మట్టీ మోసిన కామాఠీల పేరు మీద వెలసిన పేట ఇది. దానికి రెండోది పుట్టాక ఏది అసలుదో తేల్చి చెప్పడానికి అవ్వకైనా కాస్త టైము కావాలి.

మూలము: "అన్నా, నల్లా సీను గుంజుతున్నది, జర కొయ్యి. అవ్వ మాట ఇనవడ్తలేదు, రైలును తీసెయ్. నవ్వొచ్చేకాడ మాత్రం ఆగు. టీవీ పాట వద్దు."

ప్రతిపదార్థము: అన్నా = డబ్బులివ్వకుండా పని చేయించుకొనదగిన వాడా; నల్లా సీను = నీళ్లు రాకముందు జరిగే భాగము; గుంజుతున్నది = చూసేవాడు ఫోను తీసేంతగా సాగుతున్నది; జర = ఎంతో ఎవరూ చెప్పలేనంత; కొయ్యి = కత్తిరింపుము.

విశేషము: ఏది కొయ్యాలన్నది మూలంలో లేదు. నేర్చుకునేవారు సాధారణంగా ప్రతి మాటకూ మధ్య ఉన్న సందును సమంగా కోసేసి, సీను పరుగెత్తుతోందని సంతోషిస్తారు. పరుగెత్తుతుంది, నవ్వు మాత్రం రాదు. ఇక్కడ కొయ్యవలసినవి ఆ మనిషి మెట్లు దిగి రావడము, బకెట్ల మీదుగా కెమెరా మెల్లగా సాగే అందమైన షాటు. ఆ షాటులోని వెలుగు కోసం కెమెరామన్ నాలుగింటికే లేచాడు కదా అని శంక. ప్రేక్షకుడు లేవలేదు కనుక పోవలసిందేనని సమాధానము.

ఇచ్చట హాలీవుడ్ ఎడిటరు వాల్టర్ ముర్చ్ మతస్థులు ఒక ఆక్షేపణ తెస్తారు. వారి గురువు కట్ మంచిచెడ్డలకు ఆరు ప్రమాణాలు పెట్టి, నూటికి భావానికి 51 వంతులు, కథకు 23, లయకు పదే ఇచ్చాడు. అలాంటప్పుడు లయ గురించి ఇంత గొడవెందుకని వారి ప్రశ్న. హాస్యంలో లయ తప్పితే భావం పుట్టనే పుట్టదు గనుక, ఆ 51లోకి ఈ పదీ దొంగదారిన చేరిపోతుందని మా సిద్ధాంతము.

"రైలును తీసెయ్": రైలులో రెండు చప్పుళ్లున్నాయి. పట్టాల గుడగుడ అడుగు స్థాయిది. 80, 100 హెర్ట్జుల కింద ఉన్నదాన్ని ఫిల్టరుతో తీసేస్తే చాలామటుకు పోతుంది, మాట చెడదు. కూత సంగతి వేరు. అది అవ్వ గొంతు ఉండే చోటే ఉంటుంది. దాన్ని తీస్తే అవ్వా పోతుంది.

ఈ రైలు తగాదా పాతదే. గ్రాంట్ రోడ్డు పక్కన కెనెడీ బ్రిడ్జి దగ్గరి ఇంపీరియల్ స్టూడియోలో మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ తీసినప్పుడు పక్కనే పట్టాలు. అందుకని రైళ్లు ఆగిపోయే రాత్రివేళ షూటింగు పెట్టుకున్నారు. పైగా అప్పటి యంత్రంలో బొమ్మా శబ్దమూ ఒకే ఫిల్ము మీద పడేవి. ఒకదాన్ని కోస్తే రెండోదీ తెగేది. 1931 మార్చిలో ఆ సినిమా వచ్చింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ఈ ఊళ్లోనే తయారై, 1932 ఫిబ్రవరి 6న ఇక్కడి కృష్ణా సినిమా హాల్లో విడుదలైంది. నల్లా రాత్రి రెండింటికి రాదు కాబట్టి మన పిల్లలకు ఆ ఉపాయం పనికిరాలేదు.

వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. టేకు అవగానే, అదే చోట, అదే మైకుతో, కెమెరా లేకుండా అవ్వచేత ఆ మాట మళ్లీ చెప్పించారు. అయితే అవ్వ ఏ మాటనూ రెండుసార్లు ఒకేలా చెప్పదు. "నీళ్లు రానీ, అప్పుడు చూద్దాం, గీడనే నిలవడు" అన్నది పాఠాంతరము. పెదవులు ఒకటి పలుకుతుంటే చెవికి ఇంకొకటి వినబడితే ఎలా? ఎలాగంటే, ఆ క్షణాన అవ్వ ముఖం చూపకూడదు. బిందె చేతికొచ్చిన ఆ మనిషి ముఖం చూపాలి, అవ్వ గొంతు వినిపించాలి. అసలు నవ్వున్నది ఆ ముఖంలోనే. రైలు పోయింది, పాఠాంతరం అతికింది, సీనూ బాగుపడింది. ఇట్లు ఒక దోషమును దాచబోయి గుణము పొందుట ఈ శాస్త్రమున తరచు జరుగును.

"నవ్వొచ్చేకాడ ఆగు": గ్రంథమంతటికీ ప్రాణమిది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య మొదట 12 ఫ్రేములుంచారు, అంటే అర సెకను. అవ్వ పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చింది. 60 ఉంచితే మాట మరిచిపోయినట్టుంది. 40 దగ్గర, ఆమె నిజంగానే ఆ మనిషి తాహతును తూచినట్టు కుదిరింది. అటూ ఇటూ నాలుగు ఫ్రేములు జరిపి చూడటమే తప్ప దీనికి వేరే సూత్రం లేదు.

జవాబు తర్వాత కూడా ఆగాలి. లేకపోతే జనం నవ్వులో తర్వాతి మాట మునిగిపోతుంది. మార్క్స్ సోదరులు ‘ఎ నైట్ ఎట్ ది ఆపెరా’ (1935) తీసే ముందు అందులోని సీన్లను ఊరూరా స్టేజీ మీద ఆడి, జనం ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో చూసుకున్నారు. మరి ఫోనులో ఒంటరిగా చూసేవాడు అంతసేపు నవ్వడు కదా అని శంక. సత్యమే. అందుకే ఆ ఖాళీని ఖాళీగా వదలకూడదు. నీళ్లకు ముందు నల్లాలోంచి గాలి బుసకొడుతుంది, అది పెట్టాలి. నవ్వేవాడికి అది అడ్డురాదు. నవ్వనివాడికి రెండో అవకాశం.

"టీవీ పాట వద్దు": పక్క ఖోలీలో టీవీ మోగుతుండగా మాట రికార్డు చేస్తే, ప్రతి కట్ దగ్గరా పాట ఒక పాదం నుంచి ఇంకో పాదానికి గెంతుతుంది. కాబట్టి షూటింగప్పుడు పక్కింటి అత్తను బతిమాలి ఆపించాలి. చాళ్ అన్నాక పాట ఉండాలంటే తర్వాత వేరే పొరగా కలుపుకోవచ్చు, అదీ హక్కులున్న పాటైతేనే.

అందరూ నోరు మూసుకున్నా చాళ్‌లో నిశ్శబ్దం ఉండదు. ఫ్యానూ, మోరీలో నీటి చుక్కా, దూరపు హారన్లూ కలిసి అడుగున ఒక పరుపులా ఉంటాయి. మాటకూ మాటకూ మధ్య ఆ పరుపు లేకుండా ఉత్త సున్నా పెడితే, చూసేవాడు ఫోను చెడిపోయిందనుకుంటాడు. మెదక్ కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఎడిటరుకూ అదే నియమం. ఆ గది చప్పుడు ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తే కుదరదు, ఆ గదిదే కావాలి.

కనుక షూటింగుకు వెళ్లే పిల్లలకు మనవి: సామాను సర్దే ముందు అందరినీ ముప్పై సెకన్లు కదలకుండా నిలబెట్టి, ఆ చోటి చప్పుడు రికార్డు చేసుకోండి. నల్లా వచ్చే టైములో మాత్రం అడగకండి, అవ్వ ఆగదు.