బీరువాలో నిందితుడు

కాన్పు గది తలుపు తెరుచుకోగానే బయట నిలబడ్డ నానమ్మకు తెలిసిపోతుంది, ఆడా మగా అని. మగపిల్లాడైతే ఆయమ్మ చేతిలో పెద్ద నోటు, ఆడపిల్లైతే చిన్న నోటు. ఆ రేట్ల పట్టిక ఏ గోడకూ అంటించరు, అయినా ఊరందరికీ కంఠతా వచ్చు. బిడ్డ ఆడో మగో తేలిపోయిన ఆ క్షణం తర్వాత కూడా అనుమానం తీరనిది ఒక్కదాని మీదే. అల్ట్రాసౌండ్ మిషన్ మీద.

పాపం, దానిది నిందితుడి బతుకు. 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది, 2003లో దానికి కోరలు మొలిచాయి. కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిస్తే తుంచేసే పెద్దమనుషులున్న దేశంలో ఆ కోరలు ఉండాల్సిందే. నా గొడవ చట్టంతో కాదు. చట్టం పేరు చెప్పి మిషన్‌ను బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, సాయంత్రం నాలుక్కి ఇంటికి పోయే ధర్మప్రభువులతో.

నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నడినెత్తిన మాడు ఉంటుంది. మన ముసలమ్మలు ఆముదం అద్దే చోటు. వేలు ఆనిస్తే కింద టుకుటుకుమని కొట్టుకుంటుంది. ఎముక ఇంకా మూసుకోని ఆ కిటికీ మీద గోరువెచ్చని జెల్లు రాసి ప్రోబు ఆనిస్తే, మెదడులో నెత్తురు చిమ్మిందో లేదో తెర మీద కనపడుతుంది. ఆ చిమ్మడం కూడా ఎక్కువగా పుట్టిన మొదటి 3 రోజుల్లోనే. అదే మిషన్ ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, గుండె పక్కన మూసుకోవాల్సిన నాళం తెరుచుకునే ఉందా అన్నదీ చూపిస్తుంది. ఎక్స్‌రే కిరణం తగలదు, బిడ్డను వెచ్చటి వార్మర్ మీంచి లేపే పని లేదు. మిషనే బిడ్డ దగ్గరికి రావాలి. అంతే.

అక్కడే వస్తుంది చిక్కు. మిషన్ కదిలితే నేరమట! నిజానికి 2012 నాటి నిబంధన ఏమంటుంది? చేతిలో పట్టుకుపోయే మిషన్‌ను, అది రిజిస్టరైన ఆవరణలోపల, ఇన్‌పేషెంట్ల కోసం వాడుకోవచ్చంటుంది. వార్మర్ మీద పడుకున్న పసిబిడ్డ కంటే పక్కా ఇన్‌పేషెంట్ ఎవరండీ? చట్టం తలుపు తెరిచే ఉంచింది. గడియ పెట్టింది మన భయం.

కాబట్టి మిషన్ బదులు బిడ్డ కదులుతుంది. ధారూరు ఆడకూతురు వికారాబాద్‌లోనో తాండూరులోనో కన్నదనుకోండి. రాత్రి రెండింటికి బిడ్డ నీలంగా మారుతుంది. "మా చేతిలో లేదమ్మా, పట్నం తీస్కపోండి." 108 కూత పెట్టుకుంటూ బయల్దేరుతుంది. వికారాబాద్ నుంచే దాదాపు 75 కిలోమీటర్లు. తాండూరు నుంచైతే ముందు నాపరాళ్ల లారీ, వెనక సిమెంటు లారీ, మధ్యలో గుంత. కిలోన్నర పసిగుడ్డు మెదడుకు ఆ కుదుపులు ఎంత మంచివో చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రి చేరాక ఎవరో ఆ మాడు మీదే ప్రోబు పెడతారు.

ఇక శిక్షణ సంగతి. 2014లో ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం ఆరు నెలలు, 300 గంటల స్కానింగ్ శిక్షణ నిబంధనలు పుట్టాయి. దాని పేరే ఉదరం, పొత్తికడుపు స్కానింగ్! చదువంతా కడుపు చుట్టూనే. కడుపులోంచి బయటపడ్డ బిడ్డ తల, గుండె, ఊపిరితిత్తి సిలబస్‌కు ఆవల. ఆ లోటు పూడ్చడానికి మన దగ్గర ఒక దివ్యౌషధం ఉంది: ఒకరోజు వర్క్‌షాపు. పొద్దున దీపప్రజ్వలన, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్. రబ్బరు బొమ్మ మీద ప్రోబు తిప్పిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో. మర్నాటికి బదిలీ ఉత్తర్వు.

అలాగని నేర్వని చేతికి మిషన్ ఇవ్వమనడం లేదు. అరకొరగా చూసే కన్ను మామూలు నీడను జబ్బంటుంది, జబ్బును నీడంటుంది. అందుకే ఐరోపా పిల్లల ఐసీయూ వైద్యులు 2020లో, అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో పసిబిడ్డ పక్కనే చేసే ఈ స్కానింగ్‌కు దారి గీశారు. తెలిసినవాళ్ల పక్కన నిలబడి బాగున్న బిడ్డలను, బాగాలేని బిడ్డలను పదేపదే చూడాలి. బొమ్మలు దాచాలి. పెద్దలు వాటిని తిరగేసి తప్పులు చెప్పాలి. దానికి కొబ్బరికాయ అక్కర్లేదు, ఓపిక కావాలి. వికారాబాద్‌కు జిల్లా 2016లో వచ్చింది, వైద్య కళాశాల 2023లో వచ్చింది. ఓపిక ఏ బడ్జెట్‌లో వస్తుందో కనుక్కోవాలి.

సూపరింటెండెంటు గారూ, రేపు పొద్దున ఒక్క పని చేయండి. రిజిస్ట్రేషన్ కాగితం తీసి, అందులో పసిపిల్లల వార్డు ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించండి. ఉంటే, బీరువా తాళంచెవి రాత్రి డ్యూటీ డాక్టరుకు ఇవ్వండి. ఆ చేతికి నేర్పే మనిషిని కూడా పంపండి.