మాట ముందా, మూతి ముందా?

తార్నాకలో డాక్టర్లకు కొదవ లేదు. గుండెకొకరు, మోకాలికొకరు, పంటికొకరు. మెట్రో దిగి ఏ వీధిలోకి తిరిగినా ఓ బోర్డు పలకరిస్తుంది. బోర్డూ ఫీజూ లేకుండా ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నా దగ్గరికొచ్చే కేసులన్నిటిదీ ఒకటే జబ్బు: మూతి ఒక దారి, మాట ఒక దారి. కొందరు పెన్‌డ్రైవులో తెస్తారు, కొందరు వాట్సాప్‌లో పడేస్తారు. ఒకాయన ఏకంగా టీవీనే ఆటోలో వేసుకొస్తానన్నాడు. నేనే వద్దని బతిమాలుకున్నాను.

వచ్చిన ప్రతివాడూ మొదట అనే మాట, "అన్నా, సౌండు లేటొస్తుంది." నిజానికి సగం కేసుల్లో సౌండు లేటు కాదు, ముందే వచ్చేస్తుంటుంది. తేడా ఏదైనా సరే దాన్ని లేటనెయ్యడం మనకి అలవాటైపోయింది. ఏ ఫోనుతో తీశారో చెప్తారు, ఆ ఫోను ధర చెప్తారు, తీసింది మేనమామ కొడుకేనని, వాడికి బీటెక్‌లో మంచి మార్కులొచ్చాయని కూడా చెప్తారు. నాక్కావలసిన ఒక్క ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఆ తేడా మొదట్నుంచీ ఒకేలా ఉందా, పోను పోను పెరుగుతోందా?

మొదట్నుంచీ ఒకేలా ఉంటే అది జబ్బు కాదు, జలుబు. వీఎల్‌సీ ప్లేయర్లో పెట్టి కీబోర్డు మీద కె నొక్కితే మాట 50 మిల్లీసెకన్లు వెనక్కి జరుగుతుంది. జె నొక్కితే అంతే ముందుకొస్తుంది. మూతీ మాటా కలిసేదాకా నొక్కడమే వైద్యం. ఈ వీఎల్‌సీ కూడా క్యాంపస్ కుర్రాళ్ళ పుణ్యమే. 1996లో పారిస్ పక్కన ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్కు మీద వీడియో నడపాలని మొదలుపెట్టారు. 2001లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలేశారు. దాని గుర్తు రోడ్డు మీద పెట్టే నారింజ రంగు కోను. ఆ కుర్రాళ్ళు ఎక్కడెక్కడి కోన్లో ఎత్తుకొచ్చి గదిలో పోగేసుకోవడం వల్ల అదే గుర్తయింది. హాస్టల్ గదిలోకి ఏ వస్తువు ఎందుకొస్తుందో అడక్కూడదన్న నియమం ఫ్రాన్సులోనూ ఉందన్నమాట.

నేను హాస్టల్లో ఉన్న కాలంలో గదికో కంప్యూటరు అనే మాటే లేదు, వింగు మొత్తానికి ఒకటి. దాని ముందు ఇరవై తలకాయలు, కీబోర్డు దగ్గర ఒక్కడు. "కొంచెం... ఇంకొంచెం... ఆ ఆ... ఎక్కువైంది రా, ఎనకకి రా!" వాడు జె, కె లతో కుస్తీ పట్టి మాటని దారికి తెచ్చేసరికి హీరో పరిచయ గీతం అయిపోయేది. "మళ్ళీ మొదట్నుంచి పెట్టు" అని వెనక నుంచి గోల. మొదట్నుంచి పెడితే తేడా మళ్ళీ మొదటికి. ఆ పాట పూర్తిగా చూసినవాళ్ళు మా వింగులో ఎవరూ లేరు.

అసలు జబ్బు రెండో రకం, పోను పోను పెరిగేది. ఈ మధ్య ఉస్మానియా క్యాంపస్ నుంచి ఒక పీహెచ్‌డీ కుర్రాడు లాప్‌టాప్, దానితోపాటు ఓ మూటా చంకన పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ గైడుగారి గంట ఉపన్యాసం ఫోన్లో తీశాడు. ఫ్యాను చప్పుడు తగ్గిద్దామని బొమ్మనీ మాటనీ విడదీసి, మాటని శుభ్రంగా కడిగి, మళ్ళీ బొమ్మకి అతికించాడు. మొదటి నిమిషంలో సారు బ్రహ్మాండంగా ఉన్నారు. సగానికొచ్చేసరికి సారు నోరు తెరవకముందే మాట వచ్చేస్తోంది. చివర్లో మరీ ఘోరం. సారు గ్లాసెత్తి గుటగుటా నీళ్ళు తాగుతుంటే, ఆ గ్లాసులోంచే పెట్టుబడిదారీ వ్యవస్థ మీద విమర్శ వినిపిస్తోంది.

"సార్ చూస్తే నా థీసిస్ ఖతం అన్నా," అన్నాడు.

అదృష్టం ఏమిటంటే సారుకి బల్ల చరిచే అలవాటుంది. ముఖ్యమైన వాక్యం ఏదైనా చరుపుతోనే ముగుస్తుంది. సినిమావాళ్ళు షాటు ముందు క్లాప్ కొట్టేది ఈ పని కోసమే. చెక్క తగిలిన ఫ్రేమూ టప్పుమన్న చప్పుడూ ఒకచోట కలిస్తే మిగతాదంతా కలిసినట్టే. ఆడియో గీతలో చరుపు నిట్టనిలువుగా లేస్తుంది, ఎవరైనా పట్టుకోవచ్చు. మొదటి చరుపు దగ్గర చెయ్యీ చప్పుడూ కలిసే ఉన్నాయి. ఆఖరి చరుపు దగ్గర చప్పుడు వినిపించేసింది, చెయ్యి ఇంకా పైకి లేవనేలేదు. లెక్క కడితే తేడా గంటకి 3.6 సెకన్లు. ఆ అంకె చూడగానే జబ్బు పేరు తెలిసిపోయింది.

ఇక్కడ కాస్త అమెరికా దాకా వెళ్ళిరావాలి. అక్కడి టీవీ మొదట్లో సెకనుకి 30 ఫ్రేముల చొప్పున నడిచేది. 1953లో రంగుల టీవీ ప్రమాణం ఖరారు చేసేటప్పుడు, రంగు సంకేతం వచ్చి సౌండు సంకేతంతో తగువు పెట్టుకుంటుందని తేలింది. ఆ తగువు తీర్చడానికి 30ని 29.97 చేశారు. వెయ్యిలో ఒక వంతు కోత. అప్పట్నుంచి ప్రపంచంలో 30 ఒకటి, 30 లాంటి అంకె ఒకటి, రెండూ పక్కపక్కన బతుకుతున్నాయి. మన కుర్రాడు విడదీసిన బొమ్మకి తన వేగం ఎంతో గుర్తు లేకుండా పోయింది. అతికించే సాఫ్ట్‌వేరు తనకి తోచిన 29.97 వేసుకుంది. వెయ్యికి ఒకటి చొప్పున బొమ్మ మందగించింది, మాట మాత్రం తన నడక తాను నడిచింది. వాళ్ళెవరో రంగులు చూసుకోవడం కోసం కోసిన ముక్క, డెబ్భై ఏళ్ళు దాటాక, ఉస్మానియాలో ఒక తెలుగు మాస్టారి మూతి దగ్గర బయటపడింది.

ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేరు తెరిచి, ఫ్రేముల వేగం అడిగే గడిలో 30 అని కొట్టి, మళ్ళీ కలిపాను. నిమిషం కూడా పట్టలేదు. సారు నీళ్ళు తాగి, గ్లాసు దించి, అప్పుడు విమర్శించారు. కుర్రాడి ముఖంలో సంతోషం కంటే నిరాశే ఎక్కువ కనిపించింది. రాత్రంతా పడుతుందనుకున్నాడు. ఆ మూటలో ఉన్నది దుప్పటి.

పాత సినిమాలకి ఇదే జబ్బు పెద్ద మోతాదులో వస్తుంది. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములతో, మన టీవీ నడిచేది 25తో. 24ని 25లో తోస్తే రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది, ఘంటసాల గొంతు కాస్త సన్నబడుతుంది. టీవీ కాపీ బొమ్మకి వేరే డిస్కులోని మాట అతికించి తెచ్చేవాళ్ళుంటారు. వాళ్ళు ఎన్ని జె లు, ఎన్ని కె లు నొక్కినా దండగే. అక్కడ మాటని జరపడం కాదు, కుదించాలి.

ముందొచ్చే మాట మనిషిని వేధించినంతగా వెనకొచ్చే మాట వేధించదు. ఇది నా పక్షపాతం కాదు. 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వాళ్ళు ప్రసారాల కోసం ఇచ్చిన సిఫారసులోనే ఉంది. మాట బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, చూసేవాడు పసిగడతాడు. వెనకబడితే 125 దాకా పోనిస్తాడు. కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. వెలుగు పరుగు ముందు చప్పుడు నడక ఏపాటి? చాకలి బండకేసి బట్ట బాదినా, ఆకాశంలో మెరుపు మెరిసినా కన్ను ముందు, చెవి వెనక. పుట్టి బుద్ధెరిగాక చప్పుడు ముందొచ్చి బొమ్మ తర్వాత రావడం ఎవరూ చూడలేదు. అందుకే చెయ్యి ఎత్తకముందే బల్ల మోగితే ఒంట్లో ఏదో తేడాగా అనిపిస్తుంది.

ఆ మాటకొస్తే సినిమా రీలులో మాట ఎప్పుడూ ముందే ఉండేది. 35 ఎంఎం ప్రింటులో బొమ్మ పక్కన ఉండేది ఆ బొమ్మ మాట కాదు. దాని మాట సుమారు 20 ఫ్రేముల ముందు ఉంటుంది. బొమ్మ దీపం ముందు ఆగి ఆగి నడవాలి, మాట మాత్రం ఆగకుండా జారిపోవాలి. రెండు పనులూ ఒకే చోట కుదరవు కాబట్టి ప్రొజెక్టర్లో రెంటికీ వేర్వేరు స్థానాలు. మధ్యలో ఆపరేటరు వదిలే రీలు మెలిక కొలత తప్పితే హాలంతా సింక్ తప్పుతుంది. "ఏయ్, ఆపరేటర్!" అన్న కేక అప్పుడు పుట్టిందే. అంతా సరిగ్గా ఉన్నా వెనక వరసవాడికి మాట లేటే. ఒక్క ఫ్రేము కాలంలో చప్పుడు నడిచేది 14 మీటర్లు. మా తార్నాక ఆరాధన థియేటర్లో ముందు బెంచీవాడూ వెనక కుర్చీవాడూ చూసింది ఒకే సినిమా, విన్నది మాత్రం ఒకే క్షణంలో కాదు.

ఈ లెక్కలు మా పక్క వీధి పెద్దాయన దగ్గర చెప్పి తప్పించుకోలేం. ఉప్పల్ రోడ్డు మీద ఎన్‌జీఆర్‌ఐ ఉన్న పుణ్యాన మా చుట్టుపక్కల భూమి గుట్టు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈయన భూకంపాల లెక్కల్లో తల పండించుకుని రిటైరైనవాడు. ఓ రోజు పొద్దున్నే గేటు కొట్టాడు.

"ఏమయ్యా, మా టీవీ ఎక్కడుందో చెప్పు."

"హాల్లోనే కదండీ."

"కాదు. డెబ్భై మీటర్ల దూరంలో ఉంది."

కొడుకు అమెరికా నుంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పంపాడు. అవి పెట్టుకుని క్రికెట్ చూస్తే బ్యాటుకి బంతి తగిలిన తర్వాత సెకనులో అయిదో వంతుకి టప్పు వినిపిస్తోంది. భూకంపంలో పీ తరంగం వచ్చాక ఎస్ తరంగం ఎన్ని సెకన్లకి వచ్చిందో చూసి, ఎనిమిదితో హెచ్చవేస్తే అది పుట్టిన చోటు ఎన్ని కిలోమీటర్ల దూరమో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. జీవితమంతా ఆ పని చేసిన మనిషి టీవీని మాత్రం వదుల్తాడా? అయిదో వంతు సెకనుని చప్పుడు వేగంతో హెచ్చవేశాడు. "నేను ఎదురు అపార్టుమెంటు లిఫ్టు దగ్గర కూచుని మా టీవీ చూస్తున్నట్టు లెక్క" అని తేల్చాడు.

టీవీ సెట్టింగుల్లో ఆడియో డిలే ఉంది, చూశాను. అది ఉన్న ఆలస్యానికి ఇంకాస్త కలుపుతుందే గానీ తియ్యలేదు. ఫైలులో ఉన్న సినిమా అయితే మాటని ముందుకు లాగొచ్చు. లైవులో ఇంకా రాని మాటని ఎక్కణ్ణించి తెస్తాం? చివరికి పాత వైరు హెడ్‌ఫోన్లే మందు అని రాసిచ్చాను. ఆయన సంతృప్తి పడ్డాడు, వాళ్ళావిడ పడలేదు. "హాలుకడ్డంగా ఆ వైరేమిటి నాయనా? రేపు నేను తట్టుకుని పడితే ఎవరు లేపుతారు?" అంది.

క్యాంపస్ కేసుల్లో నన్ను బాగా ఏడిపించింది ఒక షార్ట్ ఫిల్ము. ఆర్ట్స్ కాలేజీ మెట్లు కనబడితే కెమెరా తియ్యనివాడు లేడు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసి, 1939లో పూర్తయిన ఆ రాతి మేడ ఎన్ని ప్రేమకథలకి వెనక నిలబడిందో దానికే తెలియాలి. ఈ బృందం బొమ్మ ఒక ఫోన్లో, మాట ఇంకో ఫోన్లో తీశారు. మంచి పద్ధతే. కానీ నాయిస్ వస్తుందని బొమ్మ తీసే ఫోన్లో మైకు ఆపేశారు. క్లాపూ కొట్టలేదు.

"గట్టి చప్పుడు ఎక్కడైనా ఉందా తమ్ముడూ?"

"ఉందన్నా. హీరోయిన్ హీరోని చెంప మీద కొడుతుంది."

ఇంకేం, ప్రాణం లేచొచ్చింది. చెంపదెబ్బని మించిన క్లాపు లేదు. తీరా చూస్తే ఆ అమ్మాయి చెయ్యి చెంపకి బెత్తెడు దూరంలో ఆగింది. నటన! చప్పుడు తర్వాత కలుపుతారట. తరువాతి సినిమాలో నిజంగానే కొట్టించమని సలహా ఇచ్చాను. హీరో నా వైపు అదోలా చూశాడు.

ఆఖరికి వాడు "అమ్మా" అని ఏడ్చే చోటు దొరికింది. మ అనాలంటే పెదవులు కలవాలి. ప, బ కూడా అంతే. పెదవులు కలిసి విడిపోయిన ఫ్రేముని ఆ శబ్దం మీద కూర్చోబెట్టాను. డబ్బింగ్ రచయితలకి ఇది పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన విద్య. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం 'ఆహుతి' 1950లో వచ్చింది, మాటలూ పాటలూ శ్రీశ్రీవి. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిందీ ఆ ఏడే. విప్లవం రాసే చేత్తోనే ముంబయి నటుల పెదవులకి తెలుగు తొడిగాడు మహానుభావుడు. ఆనాటి నుంచి మనకి కళ్ళు ఒకటి చూస్తుంటే చెవులు ఇంకోటి వినడం ఎంత అలవాటైందంటే, తేడా ఉందన్న సంగతే మర్చిపోయాం. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు, గ అంటున్న మూతికి బ అన్న మాట జతచేసి వినిపిస్తే జనం ద అని విన్నారని కనుక్కున్నారు. మెదడు మధ్యలో దూరి రాజీ కుదురుస్తుందట. మన మెదళ్ళకి ఆ అనుభవం అప్పటికే పాతికేళ్ళు పైబడింది.

మర్చిపోనిది మా కింది పోర్షను అక్క ఒక్కతే. హిందీ నుంచి డబ్ చేసిన సీరియల్ ఫోన్లో పెట్టుకుని మొన్న మెట్లెక్కి వచ్చింది.

"తమ్మీ, గీ అత్త నోరు మూసినంక గూడ మాట్లాడ్తనే ఉంది. జర సూడు."

"అది చెడిపోలేదక్కా. డబ్బింగ్. ఆమె హిందీలో తిట్టడం అయిపోయింది, తెలుగులో ఇంకా మిగిలింది."

"సక్కగ చెయ్యరాదా?"

"మూతిని మార్చడం నా చేతిలో లేదక్కా."

అక్క ఫోను నా చేతిలోంచి తీసుకుని, కాసేపు ముందుకీ వెనక్కీ జరిపి, కోడలు కనిపించే చోట ఆపింది.

"మరి గీ కోడలిది మంచిగనే కుదిరింది గద?"

చూశాను. నిజమే, ఇసుమంత తేడా లేదు. ఆ ఎపిసోడ్ మొత్తం మీద కోడలికి ఒక్క డైలాగూ లేదు.